డాలు పట్టిన ఆడబిడ్డ

మా వదిన కాపురానికి వచ్చినప్పుడు సారెలో చీరలు, స్టీలు డబ్బాలు, అరిసెలతో పాటు ఒక లాప్‌టాప్ కూడా వచ్చింది. మూత తీస్తే మీటల కింద ఎర్ర లైట్లు వెలిగేవి. మా అమ్మ దాన్ని రెండు చేతులతో ఎత్తి చూసి, "గిదేంది బిడ్డా, రోలంత బరువుంది?" అంది. "ఆఫీసు పని, అత్తయ్యా" అంది వదిన, రెప్ప కూడా ఆర్పకుండా. ఆ క్షణంలోనే ఆవిడ నాకు నచ్చేసింది. అంత చక్కగా అబద్ధం చెప్పేవాళ్ళు మా ఇంట్లో అప్పటిదాకా ఎవరూ లేరు.

మాది నాచారం. నాన్నకు మౌలాలిలో రైల్వే ఉద్యోగం, అన్నకు ఉప్పల్లో ఒక చిన్న కంపెనీలో అకౌంట్ల పని. వదినవాళ్ళది గుంటూరు వైపు. వాళ్ళ నాన్న సైంటిస్టు కావడంతో ఎప్పుడో వచ్చి హబ్సిగూడలో స్థిరపడ్డారు. నేనప్పుడు డిగ్రీ అయిపోయి, ఉద్యోగం దొరక్క, ఇంట్లో అందరి కాళ్ళకూ అడ్డం పడుతూ ఉండేదాన్ని.

వదినా ఆడబిడ్డలు ఎట్లా ఉండాలో మా చుట్టాలు ముందే నిర్ణయించి పెట్టారు. ఆడబిడ్డ దెప్పిపొడవాలి, వదిన మూతి ముడుచుకోవాలి, పెళ్ళిళ్ళలో మాత్రం ఇద్దరూ భుజాల మీద చేతులేసుకుని ఫోటో దిగాలి. మేము వాళ్ళను నిరాశపరిచాం. మధ్యాహ్నం అమ్మ టీవీ ముందు కునుకు తీయగానే ఇద్దరం పై గదిలోకి పోయి రాక్షసులను కొట్టేవాళ్ళం. వదిన తన లాప్‌టాప్‌లో, నేను అన్న పాత కంప్యూటర్‌లో.

అది ఆన్‌లైన్ ఆట. కోటలు, అడవులు, మంత్రాలు, దేశదేశాల నుంచి వచ్చి ఆడేవాళ్ళు. అందులో దిగగానే మొదట మనం ఎవరమో ఎంచుకోవాలి. యోధుడా, మాంత్రికుడా, దొంగా, వైద్యురాలా అని. దాన్ని క్లాస్ అంటారు. ఒకరకంగా కులవృత్తి లాంటిదే, కాకపోతే మనమే ఎంచుకోవచ్చు. ఎంచుకున్నాక మాత్రం మార్చుకోవడం కుదరదు. వైద్యురాలు కత్తి పట్టరాదు, మాంత్రికుడు ఇనుప కవచం తొడగరాదు.

నాకు వైద్యురాలి మీద మనసైంది. తెల్లబట్టలు, చేతుల్లోంచి కురిసే వెలుగు. కానీ వదిన అప్పటికే వైద్యురాలు.

"ఇద్దరం వైద్యులమైతే దెబ్బలెవరు తింటారే? నువ్వు డాలు పట్టుకో" అంది.

"నేనెందుకు దెబ్బలు తినాలె?"

"నువ్వు తింటేనేగా నేను నయం చేసేది!"

అట్లా నేను డాలు పట్టాను. డాలు పట్టినవాళ్ళ పని చంపడం కాదు, కొట్టించుకోవడం. నాకొక అరుపు ఉండేది. ఒక మీట నొక్కితే నా బొమ్మ గట్టిగా అరుస్తుంది. అంతే, రాక్షసులందరూ మిగతావాళ్ళను వదిలేసి నా మీద పడతారు. వెనక నిలబడ్డ వదిన నా గాయాలు మానుస్తూ ఉంటుంది. ఆమెకూ ఒక కట్టుబాటు ఉంది. కంటికి కనిపించేవాళ్ళనే బతికించగలదు. మధ్యలో గోడ అడ్డమొస్తే ఏమీ చేయలేదు. నేనేమో ఉత్సాహం ఆగక ముందుకు ఉరికేదాన్ని, మలుపు తిరిగేదాన్ని, చచ్చేదాన్ని.

"జర గా మూల తిరిగిన, గంతే వదినా!"

"మూల తిరిగితే నువ్వు నాకు కనపడవే తల్లీ" అని నెత్తి పట్టుకునేది.

క్లాసుల లెక్క నెలలోపే ఒంటబట్టింది కానీ, పాత్రలో ఉండటమన్నది ఒంటబట్టలేదు. మేమాడే కోటలో ఒక నియమం. లోపలికి వచ్చాక బయటి ముచ్చట్లు రాయకూడదు. ఎవరి పాత్ర ఎట్లా మాట్లాడుతుందో అట్లాగే మాట్లాడాలి. మాతో ఆడే తెలుగువాళ్ళు కొందరు దీన్ని మరీ పట్టించుకునేవాళ్ళు. మొదటిరోజు కోట నడిబజార్లో, అందరూ చూస్తుండగా, "వదినా, అమ్మ లేసింది, చాయ్ పెట్టమంటుంది" అని టైపు చేశాను. కోట కాపలాదారు వచ్చి ఆ పలుకులు ఏ రాజ్యానివో చెప్పమని గద్దించాడు. పక్క కుర్చీలో వదిన కడుపు పట్టుకుని నవ్వింది.

"ఇక్కడ నేను నీ వదినను కాదు. మనమింకా ఒకరికొకరం తెలియనే తెలియదు. వచ్చి పరిచయం చేసుకో."

"పక్కన్నే కూసొని పరిచయమేంది?"

"పక్కన కూర్చున్నది నువ్వు. ఆ డాలు పిల్ల కాదు. నీకు తెలిసినవన్నీ దానికి తెలియకూడదు. అదే అసలు కష్టం."

నాకది ఉత్త పిచ్చిపనిలా తోచింది. అయినా నా డాలు పిల్ల ఆమె గుడారం దగ్గరికి పోయి దణ్ణం పెట్టి, దూరదేశం నుంచి వచ్చానని చెప్పుకుంది. ఆమె మంచినీళ్ళిచ్చింది. ఎవరికీ చెప్పుకోను గానీ, ఆ పరిచయం నా జీవితంలో చాలా పరిచయాల కంటే బాగా జరిగింది.

ఇంట్లో కూడా నాకు డాలు పట్టే పని పడుతూనే ఉండేది. వదిన పొద్దెక్కి లేచిందనో, పప్పులో చింతపండు ఎక్కువ వేసిందనో అమ్మ గొంతు లేవగానే నేను మధ్యలో దూరి, "అమ్మా, మొన్నటి ఇంటర్వ్యూ గూడ పోయింది" అనేదాన్ని. అమ్మ వదినను వదిలేసి నా మీద పడేది. తలుపు సందులోంచి వదిన నాకు దణ్ణం పెట్టేది. మా అమ్మ చెడ్డది కాదు, ఎవరో ఒకరిని అనకపోతే ఆమెకు పొద్దుపోదు, అంతే. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ పై గదిలోని ఫ్యాను చప్పుడు, కారంబొరుగుల వాసన గుర్తొస్తాయి.

అన్నకూ వదినకూ ఎక్కడ చెడిందో నాకు ఇప్పటికీ పూర్తిగా తెలియదు. కొట్టుకోలేదు, తిట్టుకోలేదు. మెల్లమెల్లగా ఒకే ఇంట్లో ఇద్దరు కిరాయిదార్లలా అయిపోయారు. అన్నం ఎవరికి వారే పెట్టుకునేవారు. నేను నా వంతు అరుపులన్నీ అరిచాను. అలిగాను, జ్వరమని పడుకున్నాను, లేని పెళ్ళిసంబంధం ఉందని కూడా చెప్పాను. ఇద్దరిలో ఒక్కరూ నా వైపు తిరగలేదు.

చివరికి రెండు వైపుల పెద్దలూ మా హాల్లో కూర్చున్నారు. నన్ను చాయ్ పెట్టమని వంటింట్లోకి పంపారు. వాళ్ళిద్దరూ విడిపోవడానికి అందరూ ఒప్పుకున్నారు. నన్ను ఎవరూ అడగలేదు. అందరూ వెళ్ళాక అమ్మతో తగువు పెట్టుకున్నాను.

"వాళ్ళిద్దరు ఇడిపోతే ఇడిపోనీ. నాకు వదిన కాకుంట ఎట్ల పోతది?"

"అన్నతోనే వదిన. అన్నతోని తెగినంక ఇంక వదినేంది?" అంది అమ్మ. కోపంగా కూడా అనలేదు. అదే నాకు మరీ మండింది.

వదిన సామాను సర్దుకుంటూ నన్ను దగ్గరికి తీసుకుంది. "ఫోన్లు చేసుకోవద్దమ్మా. మీ అన్నయ్యకూ ఇబ్బంది, నాకూ ఇబ్బంది" అంది. లాప్‌టాప్‌ను తనే మోసుకుని ఆటో ఎక్కింది.

కొన్నాళ్ళకు నాకు ఉద్యోగం దొరికింది. ఒక లాప్‌టాప్ కొనుక్కున్నాను. కొన్నది ఎందుకో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం కోటలోకి వెళ్ళాను. ఆమె అక్కడే ఉంది, తన గుడారం ముందు.

"డాలు బాగా సొట్టపోయింది. ఎక్కడెక్కడ తిరుగుతున్నావు పిల్లా?" అని రాసింది.

అక్షరాలు నీళ్ళలో తేలాయి. నేనూ పాత్రలోనే ఉండి జవాబిచ్చాను. ఆ తర్వాత చాలా ఆదివారాలు అట్లాగే కలిశాం. విడాకుల సంగతి ఆటలోని ఆ ఇద్దరు ఆడవాళ్ళకు తెలియదు. తెలియదు కాబట్టే వాళ్ళు కలిసి అడవిలో తిరగగలిగేవారు. మా ఊళ్ళో ఒక పెద్దాయన మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కలేకపోతున్నాడని నా డాలు పిల్ల చెప్పేది. నువ్వులనూనె వేడిచేసి రాయమని వైద్యురాలు చెప్పేది. నాన్నకు నేనే రాసేదాన్ని.

కానీ నాకు అది చాలలేదు. ఎట్లా చాలుతుంది? నాకు వైద్యురాలు కాదు, చింతపండు ఎక్కువ వేసే మనిషి కావాలి. ఒకరోజు గుడారం ముందు నిలబడి, నియమం గంగలో కలవనీ అని, "వదినా" అని రాశాను.  

"ఇక్కడ అట్లాంటివాళ్ళెవరూ లేరు పిల్లా" అని వచ్చింది.

ఆ వెంటనే నా బొమ్మ మీద వెలుగు కురిసింది. నాకు ఆ రోజు ఒక్క గాయం కూడా లేదు. అయినా ఆమె మళ్ళీ మళ్ళీ నయం చేస్తూనే ఉంది, తన శక్తి అంతా అయిపోయేదాకా. ఆ తర్వాత ఆమె రావడం తగ్గింది. తర్వాత మానేసింది. ఆ మాట రాయకుండా ఉంటే ఇంకొన్నాళ్ళు దొరికేదేమో.

అన్నకు మళ్ళీ పెళ్ళయింది. కొత్త వదినది జనగామ వైపు. చెడ్డదైనా బాగుండేది, కోపం పెట్టుకోవడానికి వీలుండేది. ఆమె అందరినీ అక్కా, అన్నా అంటూ కలుపుకుపోయే మనిషి. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి నా ప్లేటు మీద మూత పెట్టి ఉంచుతుంది. పాత ఫోటోలన్నీ అమ్మ ఎప్పుడో తీసేయించింది, ఆమె అడగనూ లేదు. ఆమెను మొదటిసారి వదినా అని పిలవడానికి నేను చాలా భయపడ్డాను. తీరా పిలిస్తే మాట మామూలుగానే వచ్చింది. నా నోటి మీద నాకే అసహ్యం వేసింది.

మొన్న సాయంత్రం ఇద్దరం జాకెట్టు గుడ్డలకని ఉప్పల్ వెళ్ళాం. మెట్రో కింద, స్కైవాక్ మెట్ల దగ్గర జనంలో ఎదురుగా ఆమె, నా మొదటి వదిన. మెడలో ఆఫీసు కార్డు. జుట్టు కత్తిరించుకుంది. నన్ను చూసి ఆగిపోయింది. నేనూ ఆగాను.

"ఎవరీమె?" అంది కొత్త వదిన నవ్వుతూ.

నేను నోరు తెరిచేలోపే ఆమె అందుకుంది. "మేమిద్దరం ఒకప్పుడు కలిసి ఆటలాడేవాళ్ళమండీ. మీరు?"

"నేను వీళ్ళ వదినను. ఇంటికి రా అక్కా ఒకసారి. నాచారంల్నే మా ఇల్లు."

"తప్పకుండా. నాచారంలో ఎక్కడండీ?"

కొత్త వదిన చెయ్యి ఊపుతూ దారి చెప్పింది. "చౌరస్తల దిగి మల్లాపూర్ దిక్కు నడువు అక్కా. కుడిచేతికి పిండిగిర్ని వస్తది. గిర్ని పక్క గల్లీలకు మల్లితే నీలం గేటు కనవడ్తది, గదే."

ఆమె ప్రతి మలుపు దగ్గరా తలూపింది. పిండిగిర్ని కుడివైపా అని మళ్ళీ అడిగి తెలుసుకుంది. ఆ గిర్నిలో గోధుమలు పట్టించుకుని, ముఖమంతా పిండితో నవ్వుతూ వచ్చిన మనిషి.

"నీలం గేటా?" అంది.

ఆ గొంతు వేరుగా ఉంది. ఆమె ఉన్నన్నాళ్ళూ మా గేటు ఆకుపచ్చగా ఉండేది.

"అవునక్కా, దసరాకు రంగు ఏయించినం. మంచిగ కనవడ్తది."

"బాగుంటుంది" అంది ఆమె. నా చెంప మీద చెయ్యి వేసి, తీసేసి, మెట్లెక్కి వెళ్ళిపోయింది. పరుగెత్తి ఆ చెయ్యి పట్టుకోవాలనిపించింది. జనం అడ్డం వచ్చారు. ఆ తర్వాత కనపడలేదు.

ఆటోలో కొత్త వదిన సంచి ఒళ్ళో పెట్టుకుని, "గంత పట్టి పట్టి అడిగింది, వస్తదంటవా?" అంది.

నేను రోడ్డు వైపు ముఖం తిప్పుకున్నాను.

"రాదు వదినా" అన్నాను.