ఉరుమయ్యకు ఊపిరి పోసిన కాక

మా పక్క క్వార్టర్ కాక ప్రభువులో నిద్రించారని పోయిన మంగళవారం చర్చి మైకులో చెప్పారు. ఆ మాట విని ఏడుస్తూనే నవ్వాను. నిద్రలో కూడా ఊరుకునే రకం కాదాయన. ఆయన గురకకు మా గోడమీది క్యాలెండర్ ఊగుతుందని మా నాన్న అనేవాడు. అలాంటి మనిషి చప్పుడు చేయకుండా వెళ్లిపోయాడంటే నాకింకా నమ్మబుద్ధి కావడం లేదు.

మాకు రక్తసంబంధం ఏమీ లేదు. మా నాన్నా ఆయనా గోదావరిఖనిలో ఒకే బొగ్గుబాయిలో పనిచేశారు. గోడకు అవతల వాళ్లు, ఇవతల మేము. నేనిప్పుడు బడిలో తెలుగు చెబుతున్నాను గానీ, నా మొదటి తెలుగు పంతులు మాత్రం కాకే.

కాక బాయిలో సర్దారు. షిఫ్టు వాళ్లను బొగ్గు దగ్గరికి పంపేముందు అక్కడి పైకప్పు గట్టిగా ఉందో లేదో చూసుకునే బాధ్యత ఆయనది. ఇంటి దగ్గర ఆయన పనల్లా ఉరుమయ్యే. ఉరుమయ్య అంటే కాక తన బుర్రలోంచి పుట్టించిన మహావీరుడు, పొగమంచు కొండల అవతలి రాజ్యానికి సేనాపతి. బొజ్జ ముందు, మనిషి వెనక. పొద్దున్నే ఒక పొట్టేలును తినేసి, ఇక నాష్తా తెమ్మంటాడు. కత్తి దూయకముందే అతను తిట్టే తిట్లకు సగం శత్రుసైన్యం పారిపోతుంది. ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే, తెల్లచొక్కా విప్పకుండానే కాక వరండాలో కుర్చీ వేసుకునేవాడు. డ్యూటీ లేనివాళ్లంతా చుట్టూ చేరేవారు, పిల్లలం కాళ్ల దగ్గర కూర్చునేవాళ్లం. ఒక యుద్ధం అయిపోతే ఇంకోటి మొదలయ్యేది. అట్లా ఏళ్లకేళ్లు సాగిందా కథ.

ఆ లోకంలో రాక్షసులు కూడా షిఫ్టుల ప్రకారమే యుద్ధానికి వచ్చేవారు. సైరన్ మోగిందంటే ఎత్తిన గద ఎత్తినట్టే దించి ఇంటికి పోవాల్సిందే. మరి రాక్షసులకు ఓవర్‌టైం ఇస్తారా అని మా నాన్న ఆటపట్టిస్తే, దాని గురించే యూనియన్ వాళ్లు మాట్లాడుతున్నారని కాక తడుముకోకుండా చెప్పేవాడు. పైఊరి చుట్టాలెవరైనా ఉంటే రాక్షసులకు యూనియనేమిటని నోరు తెరిచేవారు. యూనియన్ లేని రాక్షసుడు ఎట్లా బతుకుతాడన్నది మా అనుమానం.

అంత లొల్లి మనిషి ఉరుమయ్య ఒక్కచోట మాత్రం నోరు మూసుకునేవాడు. ఏ గుహలోకి పోవాలన్నా ముందు తానొక్కడే వెళ్లి, బల్లెం తిరగేసి, కప్పును కొట్టి వినేవాడు. అక్కడికి రాగానే కాక కూడా లేచి, కర్రతో వరండా రేకును తట్టి చెవి ఒగ్గేవాడు. పిల్లలం కిసుక్కున నవ్వేవాళ్లం. పెద్దవాళ్లు నవ్వేవారు కాదు, వాళ్లూ తలలెత్తి వినేవారు. ఎందుకో తర్వాత మా నాన్న చెప్పాడు. ఒకసారి బాయిలో కాక అట్లాగే కప్పును కొట్టి చూసి, చప్పుడు డొల్లగా ఉందని అందర్నీ వెనక్కి నడవమన్నాడట. వాళ్లు గొణుక్కుంటూనే వచ్చారట. దారిలో కాక ఏదో జోకు చెప్పి నవ్విస్తుండగానే వెనక కప్పు కూలిందట. వచ్చినవాళ్లలో మా నాన్న ఒకడు. కాకను ఎంత పొగిడినా నాకు తక్కువగానే అనిపిస్తుందంటే అందుకే.

ఆరోజు నీకు భయం కాలేదా కాకా అని పెద్దయ్యాక అడిగాను.

"మస్తు అయింది బిడ్డా. నేను గంత మొత్తుకునేది గందుకే. నా భయం పక్కనోనికి ఇనపడద్దు గద," అన్నాడు.

రిటైరయ్యాక ఊపిరితిత్తులు మొండికేశాయి. ఇంట్లో ఆక్సిజన్ మిషను, ముక్కుకు ట్యూబు వచ్చాయి. మాటలు తగ్గించమన్నాడు డాక్టర్. ఎవరికి చెప్పాడో పాపం! ఉరుమయ్య ఒక్క తిట్టు తిడితే కాక చాలాసేపు ఆయాసపడేవాడు. కాక భార్య మా చిన్నమ్మ పక్కింటికి వినపడేట్టు ఏనాడూ మాట్లాడి ఎరగదు. ఆమెకు ఉరుమయ్య అంటే మొదటినుంచీ పడదు. ఆదివారం వండిన కూర చల్లారిపోయేది అతనివల్లే మరి. ఇప్పుడతను తన పెనిమిటి ఊపిరి కూడా తాగేస్తున్నాడని ఆమె మమ్మల్ని ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి, ఇక రావద్దని బతిమాలింది. సరేనన్నాం. కాక ఇంకో నాలుగు రోజులు ఉండాలనే కదా అందరికీ. అప్పటికి ఆఖరి యుద్ధం ఒక్కటే మిగిలింది. అందులో ఉరుమయ్య చస్తాడని కాక ఎప్పటినుంచో బెదిరిస్తూ ఉన్నాడు.

ఆదివారాలు వరండా ఖాళీగా ఉండిపోయింది. కాక తెల్లచొక్కా వేసుకుని గేటువైపు చూస్తూ కూర్చునేవాడు. ఎందుకు రావడం లేదని ఎవరినీ అడగలేదు. అన్నం మాత్రం మానేస్తూ వచ్చాడు. రెండు ముద్దలు తిని కంచం జరిపేసేవాడు.

ఒక సాయంత్రం చిన్నమ్మ మా ఇంటికి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"కథ బంద్ వెడితే ఊపిరి మిగులుతది అనుకున్న బిడ్డా," అంది. "ఊపిరి మిగిలింది. మనిషి మిగుల్తలేడు. ఆదివారం అందరు రండ్రి."

కొంగుతో ముఖం తుడుచుకుని, అదే మాట చెప్పడానికి పక్కింటికి వెళ్లింది.

ఆ ఆదివారం కుర్చీలు చాలలేదు. కాక చిన్న గొంతుతో, ఆగి ఆగి చెప్పాడు. ఉరుమయ్య గర్జించాల్సిన చోట చెయ్యెత్తి మావైపు చూసేవాడు. అంతే, రిటైరైన ముసలివాళ్లంతా కలిసి గర్జించేవారు, ఆ తర్వాత కలిసే దగ్గేవారు. రోడ్డుమీది ఆటో ఒకటి ఆగింది కూడా. రాక్షసరాజు కూలాడు, కోట తలుపులు తెరుచుకున్నాయి. కాక కళ్లు మూసుకున్నాడు.

చివరికి మా నాన్నే అడిగాడు. "సచ్చిండా అన్నా?"

"ఎందుకు సస్తడు? ఇంటికి పోయిండు," అన్నాడు కాక.

అన్నేళ్ల కథలో ఉరుమయ్యకు ఒక ఇల్లుందని మేం వినలేదు. ఇల్లు చేరి తలుపు కొట్టాడట. ఇంటామె తీసిందట. అక్కడ కాక ఆగాడు. ఊపిరి కోసమేమో అనుకున్నాం. చూస్తే, గడపలో నిలబడ్డ చిన్నమ్మ వైపు తిరిగాడు.

"ఆమె ఏమన్నదో నాకు ఎర్కలేదు. నువ్వే చెప్పాలె."

అందరం ఆమెనే చూశాం. చిన్నమ్మ కొంగు సవరించుకుంది.

"ఏమంటది? ఇగనన్న కాళ్లు కడుక్కో, అన్నం పెడుత అంటది."

"గంతే. కథ అయిపాయె," అన్నాడు కాక.

ఆయన పోయింది ఆ తర్వాతి మంగళవారమే. నాకు మాత్రం కళ్లు మూసినా తెరిచినా ఆ ఆదివారమే కనిపిస్తోంది. చిన్నమ్మ లోపలికి వెళ్లి నిజంగానే కంచం తెచ్చింది. కాక ముద్దకూ ముద్దకూ మధ్య ఆగుతూ మొత్తం తిన్నాడు, మళ్లీ కంచం చాపాడు. ఆమె ఒక చేత్తో వడ్డిస్తూ, రెండో చేత్తో ఆయన తెల్లచొక్కా మీద పడ్డ మెతుకులు ఏరుతూ ఉంది. మేమెవరమూ లేవలేదు.