నూట పన్నెండు చుక్క పది

మా డేటాబేస్ మేడం గారు పోయారు. ఆదివారం పొద్దున చర్చికి తయారై కుర్చీలో కూర్చున్నారట, మళ్లీ లేవలేదు. ల్యాబ్ అసిస్టెంట్ ఫోన్లో ఆ మాట చెప్పి, "రేపు ఆవిడ క్లాసు ఎవరు తీసుకుంటారండీ?" అని అడిగాడు. నాకు ఒళ్లు మండింది. కానీ మేడం ఉంటే ఆవిడా ముందు అదే అడిగేవారు.

నూజివీడు కాలేజీలో నేను ఆవిడ దగ్గరే చదువుకుని, తర్వాత ఆవిడ పక్క గదిలోనే పాఠాలు చెప్పాను. క్లాసు మొదలుపెట్టే ముందు వాచీ విప్పి బల్ల మీద పెట్టేవారు. దాని వంక చూసిన పాపాన మాత్రం పోయేవారు కాదు.

డేటాబేస్‌లో దాచిన సమాచారాన్ని ఒక క్వెరీ భాషలో అడిగి తెచ్చుకుంటాం. అక్కడ అక్షరాలుగా ఉన్నది ఇటు మన ప్రోగ్రాంలోకి వచ్చేసరికి అంకెగా మారిపోవచ్చు. అందుకే ఏ రకాన్ని ఏ రకంగా తీసుకోవాలో ముందే జతపరచుకోవాలి. పుస్తకంలో అదొక పట్టిక, పిల్లలకి నిద్రొచ్చే పాఠం. మేడం నిద్రపోనిచ్చేవారు కాదు. "గడప దాటితే ఇంటిపేరు మారొచ్చు, మనిషి మారకూడదు" అనేవారు. ఫోన్ నంబరుని అంకెగా పెట్టినవాణ్ణి లేపి, "నీ నంబరూ నా నంబరూ కూడితే ఎవరికి మోగుతుందిరా?" అని అడిగేవారు. కూడటానికి పనికిరానిది అంకె కాదు, పేరు. అదీ ఆవిడ సూత్రం.

అంతటి ఆవిడా ఒకసారి అదే తప్పు చేశారు.

ఆగిరిపల్లి వైపు మామిడి రైతుల సంఘం ఒకటి ఆవిడ చేత ప్రోగ్రాం రాయించుకుంది. పూత మీద తేనెమంచు పురుగు కనబడితే సంఘం వాళ్లే మందు కొడతారు. ఏ తోటకి అయింది, ఏది మిగిలింది అన్నది ప్రోగ్రాం చూపించాలి. తోటలకి గుర్తు సర్వే నంబర్లు. 112/1 అని గీత పెట్టాల్సిన చోట చుక్క పెట్టడం వాళ్ల అలవాటు. నూట పన్నెండులో మొదటి ముక్క 112.1, పదో ముక్క 112.10. డేటాబేస్‌లో అవి అక్షరాలే. మేడం రాసిన క్వెరీలో మాత్రం దశాంశాలయ్యాయి. దశాంశంలో చివరి సున్నాకి విలువేముంది? రెండు తోటలూ ఒకటైపోయాయి. మొదటి తోటకి మందు కొట్టగానే పదో తోటకీ అయిపోయినట్టు చూపించింది.

ఆ పదో తోట ఒక ఒంటరి ఆడమనిషిది. ఊళ్లో వాళ్ల తోటల్లో కూలికి పోతూ ఆ కాసిని చెట్లనీ నిలబెట్టుకుంది. వెళ్లి అడిగితే సంఘం గుమాస్తా, "మీకు కొట్టేశాం కదండీ, కంప్యూటర్లో ఉంది" అన్నాడు. చెట్ల దగ్గర మందు వాసనే లేదు మొర్రో అని ఆమె మొత్తుకుంది. సంగతి మేడం దాకా వచ్చేసరికి పూత నల్లబడి రాలిపోయింది.

మేడం నా బండెక్కి ఆ తోటకి వచ్చారు. దారంతా నేను, "చుక్క పెట్టింది వాళ్లు కదండీ, మీదేం తప్పు?" అంటూనే ఉన్నాను. "నోర్మూసుకుని నడుపు" అన్నారు. ఆమె ఎదుట నిలబడి, "అమ్మా, తప్పు కంప్యూటర్‌ది కాదు, నాది" అన్నారు.

"మీరు పెద్ద చదువులు చదివినోళ్లు, మీరు చెబితే సరేనండి. నా పూత మళ్లీ వస్తుందా అండీ?" అంది ఆమె. మేడం ఆ రోజే ప్రోగ్రాం సరిచేశారు.

అప్పటి నుంచి ఏటా మొదటి క్లాసులో బోర్డు మీద 112.10 అని రాసేవారు. "మీరు కొత్త తప్పులు చెయ్యండి, ఇది మాత్రం నాకు వదిలెయ్యండి" అనేవారు. పిల్లలు నవ్వేవారు. ఆవిడ నవ్వేవారు కాదు. ఆవిడంటే నాకు అంత గౌరవం ఎందుకని ఎవరైనా అడిగితే నేను ఈ సంగతే చెబుతాను.

సమాధి దగ్గరికి ఆ తోట ఆమె కూడా వచ్చింది. మాకెవరికీ తెలియని మాట ఆమే చెప్పింది. పూత పోయిన ఏడు నిలిచిన నాలుగు కాయలూ తెచ్చి ఇస్తే మేడం ముట్టుకోలేదట. "నీ తోట నిండా కాసినప్పుడు నేనే వస్తానమ్మా, అప్పుడు తింటా" అన్నారట. మరుసటి ఏడు చెట్లు విరగకాశాయి. మేడం ఒక్కరే బస్సెక్కి వెళ్లారు.

"చెట్టు కింద గోనెపట్టా మీద కూర్చుని రసాలు జుర్రుకున్నారండీ. మోచేతుల దాకా కారిపోతున్నా తుడుచుకోలేదు. ఇక చాలంటారేమోనని చూశా. టెంక కూడా వదలకుండా చీకి, ఇంకోటివ్వమ్మా అని చెయ్యి చాపారండీ."