పొయ్యిగోడ పక్క సముద్రం

బుధు ఊరికి తిరిగొచ్చిన రోజు వలిసె చేలు పసుప్పచ్చగా పూసి ఉన్నాయి. కాఫీ పళ్లు కొనేవాళ్ల వ్యాను ఖాళీగా కొండెక్కుతుంటే దాంట్లో వచ్చాడు. వెనక బొంతల్లో చుట్టిన పెద్ద గాజుతొట్టి ఉంది. తడి గోనెసంచుల్లో రాళ్లున్నాయి. మంచినీళ్ల క్యాన్ల నిండా సముద్రం నీళ్లు. రెండు ప్లాస్టిక్ సంచులు మాత్రం అతని ఒళ్లో ఉన్నాయి. సగం నీళ్లు, సగం గాలి, మూతికి రబ్బరు. ఒక్కో సంచిలో ఒక్కో చేప. విశాఖపట్నం నుంచి అరకు దాకా వాటిని కింద పెట్టలేదు.

వ్యాను చుట్టూ జనం మూగారు. జీపు నడిపే భీముడు అందర్నీ తోసుకుని ముందుకొచ్చాడు. వరసకు బావ.

"ఇన్నేళ్లు పట్నంలో ఉండి ఏటి తెచ్చినావురా బావా అంటే, రెండు సేపలా? మన గెడ్డలో లేవేటి?"

"ఇవి ఉప్పునీళ్ల సేపలు."

"అయితే పులుసులో ఉప్పెయ్యక్కర్లేదు."

అందరూ నవ్వారు. బుధు సంచులను పొట్టకు దగ్గరగా పట్టుకున్నాడు. నారింజరంగు ఒంటిమీద తెల్లపట్టీలున్న ఆ చేపలు బొటనవేలంత ఉన్నాయి. ఇన్నేళ్లకు ఏమి తెచ్చావని అడిగితే చూపించడానికి అతని దగ్గర వేరే ఏమీ లేదు.

తోడబుట్టిన అప్ప సోములమ్మ ఇంట్లోంచి చెంబుతో వచ్చింది. భర్త పోయాక ఆమె పుట్టింటికి వచ్చేసి, ఆ ఇంటిని ఒక్కతే నిలబెట్టింది. గడప దగ్గరకొచ్చిన మనిషికి ముందు నీళ్లు, తర్వాతే మాట. అది ఆ ఇంటి పద్ధతి. తమ్ముడైనా అంతే. బుధు సంచులను వదలలేక మెడ వంచాడు. ఆమే చెంబు అతని నోటికి అందించింది. ఊటనీళ్లు. చల్లగా, కొంచెం రాతిరుచితో ఉన్నాయి.

"తాగినావా? ఇప్పుడు సెప్పు, ఎవులివి?"

"ఎడ్విన్ సారువి."

ఎడ్విన్ హార్బరులో పనిచేసి రిటైరైన మనిషి. బుధు కుర్రతనంలో ఆ ఇంట మొక్కలకు నీళ్లు పొయ్యడానికి కుదిరాడు. మొక్కలు పోయి చేపల తొట్టి మిగిలింది. అద్దాలు తుడవడం, నాచు గీకడం, తెల్లారి రేవులో పడవల దగ్గరకెళ్లి సముద్రం నీళ్లు మోసుకురావడం అతని పని. ఊరినుంచి రెండుసార్లు పెళ్లిమాట వచ్చింది. రెండుసార్లూ కొండెక్కి, తొట్టిని ఎవరు చూస్తారని దిగిపోయాడు. చివరికి పిల్లనివ్వడానికి ఎవరూ రాలేదు. ఎడ్విన్ మంచాన పడ్డాక ఆసుపత్రిలో బుధును అడిగిందల్లా ఒకటే.

"కరెంటు ఉందా బుధూ?"

"ఉంది సార్."

ఆయన పోయాక కూతురు డాలీ ఇల్లు అమ్మకానికి పెట్టింది. "నీకు కావాలంటే ఈ తొట్టి తీసుకెళ్లు బుధూ. లేదంటే పాత సామాన్లవాణ్ణి రమ్మన్నాను. గాజు వరకు వాడికి పనికొస్తుందట," అంది. చేపల సంగతి ఆమె ఎత్తలేదు. బుధు ఆ సాయంత్రమే గోనెసంచులు తడిపాడు.

తొట్టి ఎక్కడ పెట్టాలన్నది పెద్ద సమస్య అయింది. పట్నంలో నీళ్లు వేడెక్కకుండా ఫ్యాన్లు పెట్టేవారు. ఇక్కడ కార్తీకం దాటితే గడ్డిమీద మంచు పేరుకుంటుంది. వేడి చేసే కడ్డీ ఒకటి కొని తెచ్చాడు గాని, కరెంటు ఉన్నంతసేపే దాని బతుకు. పొయ్యి వెనక మట్టిగోడ రాత్రంతా వెచ్చగా ఉంటుంది. పొగ అవతలివైపే పోతుంది. ఆ గోడ వారనే సోములమ్మ పడుకుంటుంది. బుధు ఆ జాగాను చూసి ఊరుకున్నాడు. ఆమె తన చాప చుట్టి వాకిలి పక్కకు తీసుకెళ్లింది.

"సలికి పుట్టినదాన్ని నేను. అవి కావు కదా," అంది.

నాపరాళ్లు పేర్చి, మట్టం చూసి, తొట్టి ఎక్కించారు. ఉప్పు చూసే గాజుగొట్టం అనంతగిరి మలుపుల్లో పగిలిపోయింది. ఇక నాలుకే కొలత. బుధు వేలు ముంచి నాకి, ఎడ్విన్ ఇంటి నీళ్లు గుర్తు తెచ్చుకుని, సరిపోయిందనుకున్నాడు. ఒకదానిమీద ఒకటి రాళ్లు ఆనించాడు. పైన, రాళ్లతోపాటు తెచ్చిన బతికున్న పగడాన్ని నిలబెట్టాడు. అది ముడుచుకున్న గుప్పిటలా ఉంది. మోటారు పెట్టాడు. నీళ్లు తిరిగాయి. సంచులు నీళ్లలో తేలేసి, కొంచెంకొంచెంగా తొట్టినీళ్లు వాటిలోకి పోస్తూ, మధ్యాహ్నం దాటాక చేపలను వదిలాడు. అవి నేరుగా పగడం దగ్గరకు పోయి దాని పక్కన నిలబడ్డాయి.

సామానంతా సర్దాక ఒక తెల్లడబ్బా మిగిలింది. చెంబెడు పట్టేంత డబ్బా, దానికి సన్నని గొట్టం. ఎడ్విన్ ఇంట్లో అది తొట్టి పైన మేకుకు వేలాడేది. అందులోంచి చుక్కచుక్కగా ఏదో పడేది. బుధు పనిలోకి వచ్చేసరికే ఆయన దాన్ని నింపేసి ఉండేవాడు. ఎవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఏదో మందనుకున్నాడు బుధు. అడగలేదు. పెద్దవాళ్లు తమంతట తాము చేసుకునే పనిని ఏమిటని అడగడం అతనికి చేతకాదు. డబ్బాను అటకమీద పెట్టాడు.

చలికాలం ముదిరింది. కరెంటు పోయినప్పుడల్లా నీళ్లు కదలవు, చేపలకు గాలి అందదు. అక్కాతమ్ముళ్లు తొట్టికి చెరోపక్క నిలబడి, మగ్గుతో నీళ్లు ఎత్తి ఎత్తి పోసేవారు. సోములమ్మ వేణ్ణీళ్లు కాచి సీసాల్లో పోసి, మూత బిగించి తొట్టిలో తేలేసేది. చెయ్యి నొప్పి పుడితే తిట్టేది.

"మా మొగుడికైనా ఇంత సేవ సెయ్యలేదురా."

"అందుకే పోయాడు."

"నీ నోట్లో మన్నెయ్య!" అని ఆమె మగ్గు నీళ్లు అతనిమీద చల్లింది. ఇద్దరూ నవ్వారు. ఆ ఇంట్లో నవ్వు వినబడి చాలాకాలమైంది.

ఒక పొద్దున్న పగడం విచ్చుకుంది. వేళ్లన్నీ చాచి నీళ్ల వెంట ఊగింది. జనం వచ్చి చూశారు. చర్చి నుంచి లూర్దమ్మ వచ్చి, దేవుడి చెయ్యిలా ఉందని దండం పెట్టింది. భీముడు కూడా ఆ రోజు పులుసు మాట ఎత్తలేదు. "బావా, ఇదే సముద్రమా?" అని చాలాసేపు చూశాడు. అతను జీపులో ఎంతోమందిని కొండ దింపాడు గాని, సముద్రం దాకా ఎప్పుడూ పోలేదు. ఆ పూట బుధు అన్నం రెండోసారి పెట్టించుకుని తిన్నాడు.

తొట్టిలో నీళ్లు గీసినట్టు ఒకే మట్టాన ఉండేవి. మూత బాగా కూర్చుందనుకున్నాడు.

కాఫీ ఏరడానికి వెళ్లిన ఒకనాడు చినుకులు పడితే బుధు పెందలాడే ఇంటికొచ్చాడు. సోములమ్మ తొట్టి దగ్గర నిలబడి ఉంది. తలమీద ముసుగు వేసుకుని, చుట్టాలకు ఇచ్చినట్టే రెండు చేతులతో చెంబు పట్టుకుని, మెల్లగా తొట్టిలోకి వంచుతోంది.

"అప్పా! ఏటి సేత్తన్నావు?"

"నీళ్లిత్తన్నాను."

"ఎవులికి?"

"సుట్టాలకి. రోజూ ఇత్తన్నాను కదా. ఊటకాడ మొదటి బిందెలోది. ఎంగిలి కాదురా."

"రోజూనా?"

"మనింటికొచ్చినవాటికి నీళ్లియ్యకుండా ఎలాగ?"

బుధు చెంబు లాక్కున్నాడు. మిగిలిన నీళ్లు నేలమీద పడ్డాయి.

"ఉప్పులో పుట్టినవాటికి ఊటనీళ్లు పోస్తే బతుకుతాయా? సంపేద్దామనుకున్నావా?"

"బాగానే ఉన్నాయి కదరా, సూడు."

"నీకేటి తెలుసు! నేను ఇన్నేళ్లు మోసినవన్నీ సముద్రం నీళ్లే. మంచినీళ్లు ఒక్క చుక్క పొయ్యలేదు. ఇంకోసారి ఈ తొట్టి ముట్టుకున్నావంటే బాగోదు."

సోములమ్మ ముసుగు తీసేసింది. చెంబు తీసుకెళ్లి పొయ్యి పక్కన బోర్లించింది. ఆ ఇంట్లో ఆ చెంబు బోర్లించి ఉండగా బుధు ఎప్పుడూ చూడలేదు.

ఆ తర్వాత తొట్టిలో నీళ్లు తగ్గడం మొదలైంది. ఒక పక్క పొయ్యిగోడ సెగ, ఒక పక్క ఎండుచలి. తాగేస్తున్నట్టే తగ్గేవి. బుధు పాసింజరు రైల్లో దిగి, రేవుకు పోయి, క్యాన్లు నింపుకొచ్చాడు. తగ్గినదంతా సముద్రం నీళ్లతో నింపాడు. మళ్లీ తగ్గేవి. మళ్లీ నింపేవాడు. రోజూ నాకి చూసేవాడు. రోజూ చూసే నాలుకకు నిన్నటికీ ఇవాళ్టికీ తేడా తెలియలేదు.

గాజు అంచున తెల్లగా ఉప్పు పేరింది. తుడిస్తే మర్నాటికి మళ్లీ పేరేది. పగడం వేళ్లు ఒక్కొక్కటే ముడుచుకుని, ఇంక విప్పలేదు. కింద నుంచి నల్లబడింది. ముక్కు దగ్గర పెట్టుకోలేని వాసన వేస్తే తీసి పారేశాడు. పెద్దచేప తినడం మానేసింది. ఇసకమీద పక్కకు ఒరిగి, బరువుగా మొప్పలు ఎగరేస్తూ ఉండేది. ఒక పొద్దున్న ఆ మొప్పలు ఆగిపోయి ఉన్నాయి.

బుధు దాన్ని అరచేతిలో పెట్టుకుని వాకిట్లోకి వచ్చాడు. సోములమ్మ చోళ్లు విసురుతోంది.

"నీ నీళ్లే," అన్నాడు. "లోపల్లోపల పనిచేసినాయి."

తిరగలి ఆగింది. ఆమె చేపను చూసింది. అతని మొహం చూడలేదు.

"నిజమేనేమోరా," అంది.

మర్నాడు ఆమె రెండు చీరలు మూటకట్టింది. కూతురు సౌందర్య అత్తవారిది జి.మాడుగుల. అక్కడికి పోతానంది.

"నా సెయ్యి మంచిది కాదేమో. ఒకటి మిగిలింది కదా. దాన్నైనా నిలబెట్టుకో."

బుధు ఉండమనలేదు. ఎందుకు అనలేదో అప్పుడు అతనికే తెలియలేదు. ఆమె ఎక్కిన జీపు మలుపు తిరిగేదాకా చూసి, లోపలికొచ్చి మోటారు చప్పుడు విన్నాడు.

మిగిలిన చేప పగడం ఉండే చోట, ఏమీ లేని రాతి పక్కన, రోజంతా నిలబడేది. తర్వాత అదీ కిందికి దిగింది. ఇసకమీద మొప్పలు ఎగరేస్తున్న దాన్ని చూసి బుధుకు ఎడ్విన్ డబ్బా గుర్తొచ్చింది. ఆ మందు అడుగున కొంచెమైనా అంటుకుని ఉంటుందేమోననుకున్నాడు. అటకెక్కి దింపాడు. మూత తీశాడు. లోపల పొడి లేదు, మరక లేదు. వేలు పెట్టి అడుగంతా రాసి నాకాడు. ఏ రుచీ లేదు.

నీళ్ల క్యాను ఒకటి తెచ్చి దాని మూతి నాకాడు. ఉప్పు. పాత గొట్టాలన్నీ నాకాడు. ఉప్పు. ఎడ్విన్ తొట్టికి చెందిన వస్తువుల్లో తెల్లగా ఉప్పు పేరనిది లేదు. ఈ డబ్బాకు మాత్రం, లోపలా బయటా, చుక్కచుక్కగా జారే ఆ సన్నని గొట్టం మూతి దగ్గర కూడా, ఉప్పన్నదే లేదు.

నేలమీద కూర్చున్నాడు. తొట్టిలోంచి ఆవిరై పోయేది నీళ్లే. ఉప్పు ఎక్కడికీ పోదు. అది తొట్టిలోనే ఉంటుంది. పోయిన నీళ్లకు బదులు ఎడ్విన్ రోజూ పోసింది మంచినీళ్లు. చెంబెడు. అతను చేతిలో డబ్బా తిప్పి చూశాడు. అప్ప చెంబు కూడా అంతే పడుతుంది.

బిందె తీసుకుని ఊటకు పోయాడు. అక్కడున్న ఆడవాళ్లు మాటలాపి చూశారు. "ఏటి బుధన్నా, అప్ప లేదని నువ్వే నీళ్లకొచ్చినావా? పెళ్లి సేసుకోరాదా?" అని ఒకామె అంది. అతను తల ఎత్తకుండా బిందె నింపుకున్నాడు. ఇంటికొచ్చి, బోర్లించి ఉన్న చెంబును తిప్పాడు. ఒక చెంబు పోశాడు. కాసేపు ఆగి ఇంకోటి పోశాడు. చేప ఒకసారి లేచింది. రాతి పక్కకు వెళ్లి నిలబడింది. పొద్దు వాలేసరికి మళ్లీ ఇసకమీద ఉంది. మొప్పలు నెమ్మదించాయి. తర్వాత ఆగాయి.

మోటారు ఆపాడు. ఇన్నేళ్లుగా అతని చెవుల్లో ఎప్పుడూ ఉన్న చప్పుడు అది. అది పోయాక ఇంట్లో ఏ చప్పుడూ లేదు. ఎడ్విన్ అడిగిన కరెంటు ఉంది. దాంతో పని లేదు.

జి.మాడుగులకు భీముడే జీపులో తీసుకెళ్లాడు. పాడేరు దాకా ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉన్నాడు. తర్వాత బుధు మొహం చూసి మానేశాడు.

సౌందర్య ఇంటి వాకిట్లో సోములమ్మ మిరియాలు ఆరబోస్తోంది. తమ్ముణ్ణి చూసి లేచింది. పలకరించకుండానే లోపలికి పోయింది. చెంబుతో వచ్చింది.

బుధు చెంబు అందుకున్నాడు. తాగలేదు.

"అదీ పోయిందా?" అంది ఆమె.

"పోయింది."

"రెండూ పోయినాయన్నమాట."

"నువ్వు పోసినన్నాళ్లే బతికినాయప్పా. వాటికి ఆ నీళ్లే కావాలి. సారు కూడా అవే పోసేవోడు. నాకు తెలీలేదు."

ఆమె ఆరబోసిన మిరియాల దగ్గర కూర్చుని, వాటిని చేత్తో నెరపడం మొదలుపెట్టింది. సమంగా ఉన్నవాటినే మళ్లీ నెరిపింది.

"నేను సంపలేదా అయితే?"

"లేదు."

"ఇన్నాళ్లూ నేనే సంపినాననుకున్నానురా. ఈ ఇంట్లో పిల్లలకి నీళ్లియ్యడానికి సెయ్యి రాలేదు."

బుధు నిలబడే ఉన్నాడు. లోపల ఎవరో పిల్లని కసురుతున్నారు. అవతల రోడ్డుమీద భీముడు జీపు తిప్పుకుంటున్నాడు.

"తాగు," అంది సోములమ్మ.

తాగాడు. చల్లగా ఉన్నాయి. వేరే ఊట, వేరే రుచి. ఆమె ఖాళీ చెంబు అందుకుని లోపలికి వెళ్లింది. ఇంటికి వస్తానని అనలేదు. వస్తావా అని బుధు అడగాలనుకున్నాడు. గుమ్మం దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. అడగడం అతనికి ఇంకా చేతకాలేదు.