కొల్లేట్లో మంచినీళ్ళ బేరం

పదహారేళ్ళ వయసులో నేను మొదలుపెట్టిన వ్యాపారం నీళ్ళు అమ్మడం. మా ఊరు కొల్లేటి మధ్యలో ఉంది. ఏ గుమ్మంలో నిలబడి చూసినా నీళ్ళే. అలాంటి ఊళ్ళో నీళ్ళు అమ్ముతానంటే, జ్వరమేమోనని మా అమ్మ నా నుదురు ముట్టుకుని చూసింది.

జ్వరం కాదు. ఆ ఏడు ఎండలు ముదిరేసరికి ఉప్పుటేరు నుంచి ఉప్పునీళ్ళు ఎగదన్నాయి. చేపల చెరువుల్లో పోసే మందులు సరేసరి. ఊరి మంచినీళ్ళ గుంట అడుగంటి పచ్చగా తిరిగింది. అంతకుముందు వేసవుల్లో ఎవరి దోనెలో వాళ్ళు మెరక మీద ఊరికి వెళ్ళి బోరింగు నీళ్ళు తెచ్చుకునేవారు. ఆ ఏడు దోనెలన్నీ చెరువుల్లో మేత చల్లడానికి పోయాయి. చేపలకి వేళకి తిండి అందుతోంది, మనుషులకి తాగడానికి నీళ్ళు లేవు. ఊరు బాగుపడుతోందని అందరూ అనుకునేవారు.

మా దోనె ఒక్కటే గట్టున ఖాళీగా ఉంది. చెరువులో వల లాగుతూ నాన్న నడుము పాడుచేసుకున్నాడు, గెడ వేసి దోనె నడపలేడు. ఖాళీ దోనె ఎండకి పగుళ్ళు తేలిపోతుంది. ఊళ్ళో పెద్ద చెరువుల ఆసామి ఒకాయన దాన్ని తనకి ఇచ్చెయ్యమన్నాడు. తొలకరి దాకా చూసి ఇచ్చేస్తానన్నాడు నాన్న. దోనె పోతే నేను తాడేపల్లిగూడెం వెళ్ళాలి. అక్కడ మా పిన్ని ఉల్లిపాయల మార్కెట్లో పాయలు ఏరేది. నాకూ పని మాట్లాడి పెట్టింది. చిన్నప్పుడు ఒకసారి ఆవిడ దగ్గర వారం రోజులున్నాను. పిన్ని మంచిదే. అన్నం పెట్టినా, తల నిమిరినా, ఆవిడ చేతికి ఒకటే వాసన. నాకు గూడెం వద్దు. దోనె కావాలి. గెడ వెయ్యడం తప్ప నాకు వచ్చిన విద్య ఇంకోటి లేదు.

మొదటిరోజు మా ఇంటి బిందెలు నాలుగు నింపుకొచ్చి ఊళ్ళోకి వెళ్ళాను. “మంచినీళ్ళండీ” అని కేకేశాను. తలుపులు తెరుచుకున్నాయి. ఎవరూ కసురుకోలేదు. మావైపు కసురుకోవడం తక్కువ.

“ఎక్కడివమ్మా నీళ్ళు?”

“మెరక మీద స్కూలు బోరింగువండి.”

“అయ్యో, మంచి నీళ్ళే. నిన్ననే తెప్పించుకున్నాం తల్లీ.”

ప్రతి ఇంట్లోనూ నిన్ననే తెప్పించుకున్నారు. ఎవరు తెచ్చారో మాత్రం ఎవరూ చెప్పలేదు. నేను నమ్మాను. ఇంకా పెందలాడే వెళ్ళాల్సింది అనుకుని మర్నాడు తెల్లారేసరికల్లా వెళ్ళాను. ఆ రోజూ నిన్ననే తెప్పించుకున్నారు. నాలుగు బిందెల నీళ్ళూ మా ఇంట్లోనే తాగాం. మా అమ్మ నవ్వింది.

“నీళ్ళకేం లోటు లేదే. తెచ్చింది పేట పిల్ల, అదీ లోటు.”

పేటంటే కాలవకి ఇవతల, ప్రార్థన మందిరం చుట్టూ ఉన్న మా ఇళ్ళు. ఆ సంగతి నాకు తెలియక కాదు. కానీ నాన్న పట్టిన చేపలు రోజూ ఆ ఇళ్ళకే వెళ్ళేవి. అమ్మ నాట్లు ఊడ్చిన చేల బియ్యమే వాళ్ళు వండుకునేవారు. చేపకి లేని అంటు నీళ్ళకి ఎలా వస్తుందో నాకు తట్టలేదు. చేప పుట్టినప్పటినుంచీ నీళ్ళలోనే ఉంది కదా అని నా లెక్క. వ్యాపారం తెలియని వయసు.

దారి చూపించింది మా దోనె అడిగిన ఆసామి తల్లే. ఆవిడని అందరూ పెద్దమ్మగారు అనేవారు. మూడో రోజు కబురు పంపించి, అరుగు మీద కూర్చుని, నన్ను వాకిట్లో నిలబెట్టి, ఓపిగ్గా చెప్పింది.

“బిందెలు మావి ఇస్తాం. మా వంటింట్లో ముసలిది నీతో వస్తుంది. బోరింగు నువ్వు కొట్టు, బిందె అది పట్టుకుంటుంది. దోనెలో ముందు మావి, వెనక మీవి. మధ్యన ఒక చెక్క అడ్డం పెట్టు.”

“చెక్క ఉంటే సరిపోతుందాండీ?”

“సరిపోతుంది. చెక్కకి ఏదీ అంటదు.”

దోనె కూడా చెక్కే కదండీ అని అడగాలనిపించింది. అడిగితే బేరం పోతుంది. ఆ సాయంత్రానికే మిగతా ఇళ్ళవాళ్ళూ బిందెలు పంపారు. ఆ చెక్క సంగతి అంత తొందరగా ఊరంతా ఎలా పాకిందో ఇప్పటికీ ఆశ్చర్యమే. మా పేటవాళ్ళూ బిందెలిచ్చారు. నా వ్యాపారం నిలబడింది.

వంటింటి ముసలామె మొదట్లో చాలా నిష్ఠగా ఉండేది. బోరింగు నేను కొడుతుంటే, నా చెమట బిందెలో పడకుండా దూరంగా జరగమనేది. చెయ్యి బోరింగు మీదుండాలి, మనిషి దూరంగా ఉండాలి. అది రెండ్రోజులు జరిగింది. మూడోరోజు ఎండకి తాళలేక స్కూలు వరండాలో కొంగు పరుచుకుని పడుకుంది.

“నువ్వే పట్టుకోవే. నేను చూడలేదు.”

“అంటదా మామ్మా?”

“నిద్రపోయేవాళ్ళకి ఏమంటుందే.”

అప్పటినుంచి నింపేదీ నేనే, దోనెలోకి ఎక్కించేదీ నేనే. మా ఊరి రేవు కనబడేసరికి ఆవిడ లేచి, ముందున్న బిందె మీద చెయ్యి వేసి, దారంతా తానే కాపలా కాసినట్టు కూర్చునేది. తిరుగుదారిలో చెరువుల సంగతులూ, వంటింటి సంగతులూ చెప్పేది. ఆవిడ లేకపోతే ఆ గంట ప్రయాణం నాకు తోచేది కాదు.

ఒకరోజు ఖాళీ బిందెలతో వెళ్తుంటే గాలి తిరిగింది. దోనె ఒరిగింది. ముసలామె కెవ్వుమంది. బిందెలన్నీ దొర్లి ఒక్కచోట చేరాయి. చెక్క నీళ్ళలో పడి, మేము చూస్తుండగానే తుంగలోకి కొట్టుకుపోయింది.

“చెక్క పోయిందే.”

“పోతే పోయింది మామ్మా. బిందెలు దక్కాయి.”

“చెక్క లేకపోతే మేమెవరమే, మీరెవరే?”

అన్నీ స్టీలు బిందెలే, ఇంచుమించు ఒకటే సైజువి. అన్నిటి మీదా పేర్లు కొట్టించి ఉన్నాయి. మావైపు పేరు కొట్టించకుండా ఎవరూ ఎవరికీ గిన్నె కూడా ఇవ్వరు. ఆవిడకి చదువు రాదు, నాకూ రాదు. నాకు అక్షరాలు వచ్చింది నలభై దాటాక, మందిరంలో పాస్టరమ్మగారు సాయంత్రాలు ఆడవాళ్ళని కూర్చోబెట్టి నేర్పితే. వచ్చీరాగానే ఇంటికెళ్ళి మా సామానంతా దించి చదివాను. ఒక్కదాని మీదా మా పేరు లేదు. అన్నీ ఇచ్చినవాళ్ళ పేర్లే. నా పెళ్ళి బిందె మీద ఉన్నది నా పేరేనని అన్నేళ్ళూ తోముతూ వచ్చాను. కాబట్టి ఆ రోజు దోనెలో నాకు చదువు వచ్చి ఉన్నా పెద్దగా ఒరిగేదేమీ లేదు.

ముసలామె కాసేపు ఆలోచించి తీర్పు చెప్పింది. “మెరిసేవి మావి. మాసినవి మీవి.”

ఆ మాట నాకూ సబబుగానే తోచింది. నన్ను ఇప్పటికీ గుచ్చేది అదే. మా అమ్మా, చుట్టుపక్కల ఆడవాళ్ళూ బిందెల్ని బూడిదా ఇసకా వేసి మొహం కనబడేలా తోముతారని నాకు తెలుసు. పెద్దిళ్ళలో తోమేది కూలిమనుషులు, ఎంత తోమాలో అంతే తోముతారు. అంతా తెలిసి కూడా, మెరిసేది వాళ్ళదే అయ్యుంటుందనుకున్నాను.

మర్నాడు కొత్త చెక్క తెచ్చి అడ్డం పెట్టాం. దాదాపు ఇరవై రోజులు ఆ చెక్క తారుమారైన బిందెల మధ్య చాలా శ్రద్ధగా నిలబడింది.

ఎవరూ ఏమీ అనలేదు. పేటలో కొందరు గుర్తుపట్టే ఉంటారు, తన బిందె సొట్టలు ఏ ఆడదానికి తెలియవు. ఒకావిడ మాత్రం “బిందె బరువెక్కిందేమే?” అని అడిగింది. “తీపి నీళ్ళు కదా అత్తా” అన్నాను. ఆవిడ కొత్త బిందె మందం చూసుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది. పెద్దమ్మగారి ఇంట్లో మట్టుకు ఆ నీళ్ళతోనే పూజ జరిగింది, వంట జరిగింది. పెద్ద మనవరాలికి సంబంధం మాట్లాడుకోవడానికి ఉండి ఊరి నుంచి పెళ్ళివారొచ్చి, రెండు పూటలు తిని, మీ నీళ్ళు ఎంత తియ్యగా ఉన్నాయండీ అని మెచ్చుకుని, సరేనని వెళ్ళారు. ఈ సంగతి ముసలామె నాకు చెప్పింది, ఆ గొప్ప తనదే అన్నట్టు.

వేసవి సెలవులకి చిన్న మనవరాలు ఏలూరు నుంచి వచ్చింది. ఏడో క్లాసో ఎనిమిదో. ఆ పొద్దున మేము దోనె దిగేసరికి రేవులో ఐదారుగురు ఆడవాళ్ళు బిందెల కోసం నిలబడి ఉన్నారు. పెద్దమ్మగారూ వచ్చింది. ఆసామి కూడా ఉన్నాడు, తొలకరి దగ్గరకొచ్చింది కదా, దోనె చూసుకోవడానికి. అడుగు తట్టి చూస్తున్నాడు. ఆ పిల్ల మెట్టు మీద కూర్చుని, తోచక, పక్కనున్న బిందె మీది అక్షరాలు చదివింది.

“నానమ్మా, క్రిస్మస్ కానుక అని ఉంది. మనకెవరిచ్చారు?”

ముసలామె నా వెనక్కి జరిగింది. ప్రతి ఆడమనిషీ వంగి తన బిందె చూసుకుంది. వాళ్ళలో చదవగలిగినవాళ్ళు లేరు, అయినా చూసుకున్నారు.

ఆసామికి కోపం వచ్చినా గొంతు పెరగలేదు. “అయితే రేపటినుంచి నువ్వు రానక్కర్లేదమ్మా. మీ నాన్నకి చెప్పు, దోనె ఈవేళే తోలుకెళ్తాను.”

నా చేతుల్లో గెడ ఉంది. ఉల్లిపాయల వాసన మాత్రం అప్పుడే తగిలింది.

పెద్దమ్మగారు కొంచెంసేపు బిందెనీ, కొంచెంసేపు కొడుకునీ చూసింది.

“దానికి తెలుగు సరిగ్గా రాదురా. ఇంగ్లీషు మీడియంలో వేశావుగా.”

“వచ్చు నానమ్మా. తెలుగులో నేనే ఫస్టు.”

“లోపలికెళ్ళి టిఫిన్ తిను తల్లీ.”

“అమ్మా, నేను చదువుతానుండు” అని ఆసామి బిందె అందుకున్నాడు. వెలుగులోకి తిప్పాడు. అది ఆ రేవులోకెల్లా ఎక్కువ మెరుస్తున్న బిందె, అక్షరాలు లోతుగా కొట్టి ఉన్నాయి. చదువుతూ ఉండిపోయాడు. రెండు మాటలు చదవడానికి అంతసేపు పట్టదు.

“ఉండి పెళ్ళివాళ్ళు ఎన్ని పూటలు తిన్నార్రా మనింట్లో?” అంది పెద్దమ్మగారు, మామూలుగా.

ఆయన బిందె దించాడు. “మసగ్గా ఉందమ్మా. తెలియట్లేదు.”

“అదే చెప్తున్నా.”

“మసకేలెండి. మాదీ మసకే” అంది పక్కింటావిడ. “పాత బిందెలు కదండీ” అంది ఇంకొకావిడ. అందరూ తలో బిందె ఎత్తుకున్నారు. అంత తొందరగా ఆ రేవు ఎప్పుడూ ఖాళీ కాలేదు.

“మరి దోనె?” అన్నాడు ఆయన.

“ఉండనీరా. నీ మేతకి ఇంకోటి చూసుకో. ఈ పిల్ల వెళ్ళిపోతే ఊరికి నీళ్ళెవరు తెస్తారు?” అని, కొడుకు కాస్త దూరం వెళ్ళాక నావైపు తిరిగింది. ఎప్పుడూ లేనిది గొంతు తగ్గించింది. “గూడెంలో ఉల్లిపాయల దగ్గర వందమంది ఆడవాళ్ళు కూర్చుంటారటగా. చేతులకి పనుంటుంది గానీ నోటికి ఏముంటుంది, కబుర్లేగా. అలాంటిచోటికి నువ్వెందుకులే అమ్మా.”

“వెళ్ళనండీ.”

“రేపటినుంచి మాకు ఇంకో రెండు బిందెలు తే.”

చాలా ఏళ్ళు నా వ్యాపారం నా రెక్కల కష్టంతో నిలబడిందనే చెప్పుకున్నాను. గెడ వేసింది నేనే కాబట్టి అది పూర్తిగా అబద్ధం కాదు.

దోనె మనకే ఉండనిచ్చారని చెబితే నాన్న కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు. “నీ కష్టం చూసి కరిగిపోయారే. ఎంత పెద్ద మనసు.” నేను కాదనలేదు. అమ్మ పొయ్యి వైపు తిరిగి, నవ్వో దగ్గో తెలియకుండా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ సాయంత్రం పిన్నికి కబురు చేశాం, నేను రావడం లేదని. నాన్న నడుం పట్టుకుని గట్టు దాకా వచ్చి, దోనె బోర్లా వేయించి, తారు కాచమన్నాడు. పగుళ్ళకి నేనే పూశాను, ఆయన చూపించినచోటల్లా.

ఆదివారం మందిరంలో ఆ ఇంటి మేలు కోసం నాన్న ప్రత్యేకంగా ప్రార్థన చేయించాడు. పాస్టర్ గారు వాళ్ళ చెరువులనీ, వాళ్ళింట్లో కుదిరిన పెళ్ళినీ దీవించమని అడిగారు. అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది నేను.