ఎండు కొమ్మను తట్టే అలవాటు

వదినా, నా రాత వంకర, తప్పులు కూడ ఉంటయి, మన్నించు. మీ అమ్మ, మా అత్త, మూడు దినాల జ్వరంతోటి మంగళారం పొద్దుగాల పోయింది. నువ్వు పచ్చి బాలింతవు, రాలేకపోయినవు. కబురు తెచ్చిన మనిషి ఇంకో మాట కూడ అన్నడట, శవాన్ని ఎండల పెట్టి కోడలు పిట్టను చూసుకుంట నిలబడ్డదని. అది అబద్ధం కాదు. అందుకే రాస్తున్న.

నేను కాపురానికి వచ్చిన కొత్తల అత్త నన్ను విస్తరాకుల కోసం మోదుగల కాడికి తోలుకపోయేది. కట్టెకు ఎండు కొమ్మ కనిపిస్తే కొడవలి పిడితోటి మూడుసార్లు తట్టేది, తర్వాతనే నరికేది. ఎందుకని అడగనీకె నాకు సిగ్గు. ఒకనాడు తట్టంగనే కొమ్మ కిందివైపు తొర్రల నుంచి బొటనవేలంత తల బయటికి వచ్చింది. పిచ్చుక కన్న చిన్న వడ్రంగి పిట్ట. నేను పిల్ల అనుకున్న.

"పిల్ల కాదే, దాని పెరుగుడే అంత," అన్నది అత్త.

పెద్ద వడ్రంగి పిట్ట బోదెను కొడుతదట. ఇది చిటికెనవేలంత ఎండు పుల్లల మీదనే తిరుగుతదట, ఎండు కొమ్మ లేని చెట్టుల ఇల్లు చేసుకోదట. చెవి మీద సన్నని ఎర్రగీత ఉంటే అది మగది. మనుషుల్ల ఆడది బొట్టు పెట్టుకుంటే వీటిల్ల మొగడు పెట్టుకుంటడని నవ్వింది.

నిరుడు పట్నం నుంచి ఒక తుపాకి దొర వచ్చిండు. పిట్టలను కొట్టి, దూది కూరి దాచుకునేటోడు. ఈ చిన్నదొక్కటే ఆయనకు దొరకలేదట. చూపియ్యకపోతే మన చెల్క భూమి గుంజుకుంటనని ఊరి పటేల్ అత్తను బెదిరించిండు. అత్త వాళ్లను మన చెల్క గట్టు మీది మోదుగ కాడికి తోలుకపోయింది. నేను ఆకుల మోపుతోటి వెనుక ఉన్న. ఎండు కొమ్మ మీద పిట్ట కనిపించంగనే దొర గురి పెట్టిండు. అత్త చెయ్యి కొడవలి మీదికి పోయింది. మూడుసార్లు తట్టింది. పిట్ట ఎగిరిపోయింది.

"అలవాటు దొరా. ఎండు కొమ్మ కింద నిలబడితే చెయ్యి ఆగదు," అన్నది.

చూపించుడైతే చూపించింది కాబట్టి చెల్క పోలేదు. కాని పటేల్ ఆమెను పొద్దు గూకేదాక అదే గట్టు మీద ఎండల నిలబెట్టిండు. గుక్కెడు నీళ్లు తీసుకపోయే ధైర్యం నాకు చాలలేదు. అత్త ఆ సంగతి నాతోటి ఏనాడు ఎత్తలేదు.

మంగళారం ఆ చెల్కలనే, గట్టు పక్కన చితి పేర్చిన్రు. కట్టె తక్కువ పడ్డది. మీ తమ్ముడు గొడ్డలి తీసుకొని ఆ మోదుగ ఎండు కొమ్మ మీదికి పోయిండు. మొగోళ్ల ముందట నేను ఏనాడన్న నోరు తెరిచిన్నా వదినా? గొడ్డలికి అడ్డం పోయిన.

"జర ఆగున్రి," అన్న.

పెద్దమామ కసిరిండు. నేను అత్త కొడవలి తీసి పిడితోటి తట్టిన. ఏం లేదు. మళ్ల తట్టిన. వెనుక ఎవరో నవ్విన్రు. మూడోసారి తట్టంగనే చిన్న తల బయటికి వచ్చింది, చెవి మీద ఎర్రగీత.

మీ తమ్ముడు గొడ్డలి దించిండు. వాగు అవతల నుంచి కట్టె తెచ్చేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. ఆ పిట్ట కోసం అత్త ఎండల ఉండుడు అది రెండోసారి. ఈసారి నేను పాడె పక్కన కూర్చొని ఆమె ముఖం మీద కొంగు నీడ పట్టిన.

నా మీద కోపముంటే ఉండనీ. తేరుకున్నంక వచ్చి చూడు. బూడిద చల్లారింది, దాని మీద పిట్ట చెక్కిన పొట్టు గాలికి వచ్చి రాలుతాంది. ఆ దొర మళ్ల వస్తడంటున్నరు, పిట్ట మళ్ల అదే చెట్టుకు వచ్చిందని ఈ ఉత్తరంల ఉంది. చదివినంక పొయ్యిల పెట్టు.