అడ్డు నిలబడే పిల్ల

డార్లా కిన్సర్ పన్నెండో ఏటికే వాళ్ళ నాన్న ఎత్తు వచ్చేసింది. హైస్కూల్లో చేరే నాటికి బ్రిక్స్‌బీ ఊళ్ళో ఆమెను మించిన ఎత్తున్న ఆడమనిషి లేదు. బాస్కెట్‌బాల్ అంటే పడిచచ్చే ఇండియానాలో అలాంటి పిల్లను ఎవరూ ఊరికే వదిలిపెట్టరు. బాస్కెట్‌బాల్ కోచ్ వర్న్ డెటమోర్ తనంతట తానే ధాన్యం గోదాముకు వచ్చి, లారీలు తూకం వేస్తున్న ఆమె తండ్రి ఓరెన్ భుజం మీద చెయ్యి వేశాడు.

"నీ పిల్లను నాకివ్వు ఓరెన్."

"దానికి బంతి పట్టుకోవడం కూడా సరిగ్గా రాదు కోచ్."

"బంతితో దానికి పనేముంది?"

ఓరెన్ అది వేళాకోళం అనుకుని నవ్వాడు. డెటమోర్ ఆట విషయంలో వేళాకోళాలాడే మనిషి కాదు.

డెటమోర్ దగ్గర ఉన్న ఎత్తుగడలన్నీ చివరికి ఒక్కటే. దానికి ఆయన పెట్టిన పేరు గేటు. ఆయన కూతురు ట్రీసా బుట్ట కింద మొదలై, వంపు తిరిగి మూల వైపు పరుగెత్తేది. ఆమెను కాపలా కాసే అవతలి జట్టు పిల్ల వెంటపడేది. ఆ దారిలో డార్లా కాళ్ళు ఎడం చేసి, చేతులు రొమ్ము మీద కట్టుకుని నిలబడి ఉండేది. ట్రీసా ఆమె భుజం రాసుకుంటూ దూసుకుపోయేది. వెనకాల వచ్చే పిల్ల డార్లాకు గుద్దుకునేది. ఆ పిల్ల తేరుకునేలోపు ట్రీసా చేతికి బంతి రావడం, ముందర ఎవరూ లేకుండా తాపీగా వేయడం, గ్యాలరీలు లేచి అరవడం అన్నీ అయిపోయేవి. ఇందులో డార్లా కదలకూడదు. కొంచెం జరిగినా రెఫరీ ఈల వేస్తాడు, తప్పు ఆమెదవుతుంది.

ట్రీసా చక్కగా వేసేది. అందులో అబద్ధమేమీ లేదు. బుట్టలో వేశాక తండ్రి వైపు చూసేది, జనం వైపు చూసేది. డార్లా వైపు మాత్రం గురి తప్పినప్పుడే చూసేది.

"సరిగ్గా నిలబడి చావవే! ఆ పిల్ల నా వీపు మీదే ఉంది."

కోచ్ డార్లాను గుంజ అని పిలిచేవాడు. ఊరు కూడా అదే పేరు పట్టుకుంది. శనివారం పొద్దున ఓరెన్ హోటల్లో మెత్తటి బిస్కట్ రొట్టెలూ గ్రేవీ ముందు పెట్టుకుని కూర్చుంటే పక్క బల్లవాళ్ళు మొదలుపెట్టేవాళ్ళు.

"ఏమోయ్ ఓరెన్, మీ గుంజను నిన్న చూశాం. చిగురేమన్నా వేస్తుందా, లేదా?"

"అది లేకపోతే ట్రీసా లేదు," అనేవాడు ఓరెన్, తల ఎత్తకుండా.

"పాతినచోట ఉంటుందిలే, మంచి పిల్ల. మా ఆవులు కూడా అంత బుద్ధిగా ఉండవు."

ఓరెన్ కూడా నవ్వేవాడు. నవ్వకపోతే ఇంకా పెంచుతారని ఆయనకు తెలుసు. ఇంటికొచ్చాక కూతురి పక్కటెముకల మీద నల్లగా కమిలిన చోట్లకు భార్య మందు రాస్తుంటే చూడలేక పశువుల కొట్టంలోకి వెళ్ళిపోయేవాడు.

ఆ కొట్టం గోడకు ఒక ఇనుప వలయం ఉండేది. డార్లా అక్కడ ఒంటరిగా బంతి వేసేది. ఎడమ చేత్తో, తల మీదుగా వంకరగా, బుట్ట వైపు చూడకుండానే. చాలాసార్లు పడేది. రెండో ఏడు ఒక సాధన రోజున, అడ్డు నిలబడ్డాక తనను ఎవరూ పట్టించుకోవడం లేదని గమనించి, బుట్ట వైపు తిరిగి చెయ్యి ఎత్తింది. బంతి పట్టుకున్న పిల్ల ఆలోచించకుండా ఆమెకే విసిరింది. డార్లా ఎడమ చేత్తో వేసింది. పడింది.

డెటమోర్ ఈల వేశాడు. "డార్లాకు బంతి కావాలట," అన్నాడు నెమ్మదిగా. ఆమెను కుర్చీ వేసి మధ్యలో కూర్చోబెట్టాడు. మిగతా అందరినీ ఈ చివర నుంచి ఆ చివరకు పరుగెత్తించాడు. ఇద్దరు వాంతి చేసుకునేదాకా ఆపలేదు. డార్లా లేవబోతే, "కూర్చో, కూర్చో. ఇది నీ పండగ," అన్నాడు. ఆ తరువాత నెల్లాళ్ళు ఆ పిల్లలెవరూ భోజనాల దగ్గర ఆమె పక్కన కూర్చోలేదు. ఆమె మళ్ళీ చెయ్యి ఎత్తలేదు.

ఆఖరి ఏడాది బ్రిక్స్‌బీ పిల్లలు ప్రాంతీయ ఫైనల్‌కు వచ్చారు. ఊరు ఊరంతా దుకాణాలు మూసి కార్లెక్కింది. ఆట మొదలయ్యే ముందు నడవాలో నీళ్ళు తాగుతున్న డార్లా దగ్గరికి నీలం కోటు వేసుకున్న ఒకావిడ వచ్చింది. కాలేజీ జట్టుకు పిల్లలను ఎంచేది ఆవిడే అని డార్లాకు తెలుసు.

"అమ్మకు ఎలా ఉందమ్మా ఇప్పుడు?" అంది ఆవిడ.

"మా అమ్మకేమైంది?"

ఆవిడ ఇబ్బందిగా చూసింది. "మంచాన పడిందనీ, నువ్వు చదువు మానేసి ఇంట్లో ఉండిపోతావనీ మీ కోచ్ చెప్పారు. నాకు ఉన్నది ఒక్క చోటు. నిజానికి వచ్చింది నీకోసమే. నీలా నిలబడే పిల్ల దొరకదు. పొద్దున్నే ట్రీసాకు మాటిచ్చేశాను."

అక్కడి నుంచి చూస్తే గ్యాలరీ కనబడుతోంది. డార్లా తల్లి మూడో వరసలో కూర్చుని పేలాలు తింటూ, ఎవరితోనో పగలబడి నవ్వుతోంది.

డార్లా వెళ్ళి ఆడింది. ఎప్పటిలాగే నిలబడింది. అవతలి జట్టులో ట్రీసాను కాసే పిల్ల పొట్టిగా, గట్టిగా, జుట్టు కురచగా ఉంది. ఆ పిల్ల సాయంత్రమంతా డార్లాకు గుద్దుకుని గుద్దుకుని పెదవి చిట్లి, కోపంతో ఊగిపోతోంది. ప్రతిసారీ ముందుకంటే వేగంగా వచ్చింది. ఆట ముగిసే వేళకు ఒక్క పాయింటు వెనకబడి ఉన్నప్పుడు డెటమోర్ లేచి అరిచాడు.

"గేటు!"

ట్రీసా బుట్ట కింద నుంచి బయలుదేరింది. డార్లా తన చోటికి వచ్చి, కాళ్ళు ఎడం చేసి, చేతులు కట్టుకుంది. అంతా మామూలే. కాకపోతే అరడుగు అవతల నిలబడింది.

ట్రీసా దాటిపోయింది. బంతి అందుకుని పైకి ఎగిరింది. దెబ్బ తప్పదని ఒళ్ళు బిగబట్టి వచ్చిన పొట్టి పిల్లకు ఈసారి ఏదీ అడ్డు రాలేదు. ఆ వేగమంతా పోయి గాలిలో ఉన్న ట్రీసాకు తగిలింది. మోకాలు పక్కకు విరిగిన చప్పుడు పైవరసల దాకా వినిపించింది.

జనం ఆ పొట్టి పిల్ల మీద ఐసు గ్లాసులు విసిరారు. లంజ అన్నారు. పదహారేళ్ళ పిల్ల, తల మీద చేతులు పెట్టుకుని ఏడుస్తూ గోడవార కూలబడిపోయింది. అందరూ ట్రీసా చుట్టూ మూగారు, డెటమోర్ తప్ప. ఆయన గీతలు గీసిన నేల మీద డార్లా పాదాలను చూస్తూ నిలబడ్డాడు. ఆమె అప్పటికీ అక్కడే ఉంది.

ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. చెబితే, నీలం కోటావిడకు తాను చెప్పిన మాట కూడా బయటికి వస్తుంది. ఏడాది చివర విందులో పిల్లలను ఒక్కొక్కరినే వేదిక మీదికి పిలిచి, మెడలో పతకం వేసి, నాలుగు మంచి మాటలు చెప్పాడు. డార్లాను పిలవలేదు. ఓరెన్ తన కూతురు పేరు వస్తుందని చప్పట్లకు చేతులు సిద్ధంగా పెట్టుకునే ఉన్నాడు. కుర్చీలు మడిచేదాకా అలాగే ఉన్నాడు.

కాలేజీ వాళ్ళు ట్రీసాకు ఇచ్చిన చోటు వెనక్కు తీసుకున్నారు. మూడు ఆపరేషన్ల తరువాత కుంటుతూ నడవగలిగింది. డార్లా వృద్ధాశ్రమంలో దుప్పట్లు ఉతికే పనిలో కుదిరి, రాయ్ అనే లారీ డ్రైవర్‌ను పెళ్ళాడింది. డెటమోర్ గుండె ఆగి పోయాడు. కొన్నేళ్ళకు ట్రీసాయే ఆయన స్థానంలో కోచ్ అయింది. అయిన మొదటి శీతాకాలం డార్లాకు ఫోన్ చేసింది.

"మా పిల్లలకు నిలబడటం రావడం లేదే. వచ్చి చూపించవూ?"

డార్లా వెళ్ళింది. నలభై దగ్గర పడుతున్న ఒళ్ళు, నడుము నొప్పి. ట్రీసా పిల్లలందరినీ చుట్టూ నిలబెట్టింది.

"ఈవిడ డార్లా. నాకు నాలుగేళ్ళు అడ్డు నిలబడింది. ఒక్కసారి తప్ప ఎప్పుడూ చోటు తప్పలేదు."

నవ్వుతూనే అంది. డార్లా చెవులు కాలిపోయాయి.

"నువ్వు నిలబడు డార్లా. పిల్లలూ, మీరు ఒక్కొక్కరే రండి. ఆగకుండా గుద్దాలి."

"ఆంటీకి దెబ్బ తగులుతుందేమో కోచ్," అంది ఒక పిల్ల.

"తగలనీ."

పదిహేను మంది పిల్లలు, రెండేసి సార్లు. డార్లా కదలలేదు. అయ్యాక ట్రీసా ఐసు సంచి తెచ్చి ఆమె ఒళ్ళో పడేసి, పక్కన కూర్చుని, వంగని కాలు చాపుకుంది.

"నీకెప్పుడు తెలిసింది?" అంది డార్లా.

"కింద పడకముందే. నాలుగేళ్ళు ప్రతిసారీ నీ భుజం తగిలింది. ఆరోజు తగల్లేదు."

"మరి ఎవరికీ చెప్పలేదేం?"

"చెబితే నిన్ను ఊళ్ళో ఉండనిచ్చేవాళ్ళా? నువ్వెక్కడికో పోయి హాయిగా బతికేదానివి."

డార్లా ఐసు సంచిని పక్కటెముకలకు అదుముకుంది. "మీ నాన్న నా గురించి ఏం చెప్పాడో నీకు తెలీదు."

"మీ అమ్మ మంచాన పడిందనే కదా? ఆ మాట చెప్పమంది నేనే. ఆయన ముందు వద్దన్నాడు కూడా. రెండు రోజులు అన్నం తినకుండా కూర్చున్నాను." ట్రీసా గోడ పట్టుకుని లేచింది. "మంగళవారం కూడా రా."

ఆ రాత్రి రాయ్ ఆమె ఒంటి మీది దెబ్బలు చూసి, ఇంకోసారి వెళ్ళావంటే ఊరుకోనన్నాడు. మంగళవారం ఆమె వెళ్ళింది.

జట్టులో ఒక పొడుగు పిల్ల ఉంది, మెగ్ అని. ఎవరైనా మీదికి వస్తుంటే కళ్ళు మూసుకుని పక్కకు ఒరిగిపోయేది. ట్రీసా రెండుసార్లు ఈల వేసి, విసుగ్గా డార్లా వైపు చూసింది. డార్లా వెళ్ళి మెగ్ వెనక నిలబడి, రెండు భుజాలూ పట్టుకుంది.

"నావల్ల కాదు ఆంటీ," అంది మెగ్ చిన్నగా.

"అవుతుంది. కదలకు."

"ప్లీజ్ ఆంటీ."

"నోరు ముయ్యి. కదలకు."

పరుగెత్తుకొస్తున్న పిల్ల మోచెయ్యి మెగ్ ముక్కుకు తగిలింది. రక్తం గడ్డం మీదుగా చొక్కా మీదికి కారింది. మెగ్ మోకాళ్ళు వంగిపోతున్నా డార్లా చేతులు వదల్లేదు.

"ఇంకొకరు రండి," అంది.