నేవీ అన్న పడవెక్కిన రోజు

మా ప్రొద్దుటూరు వీధిలో ఆయనను అందరూ నేవీ అన్న అంటారు. ముప్పై ఏళ్లు ఓడల్లో ఉన్నాడని చెప్పుకుంటారు గానీ, పదిహేనే. డెబ్బై ఒకటి యుద్ధంలో సముద్రం మీద ఉన్నమాట మాత్రం నిజం. ఇప్పటికీ టీ అంగడి ముందర కూడా, నేల ఊగుతున్నట్టు కాళ్లు ఎడంగా పెట్టి నిలబడతాడు.

ఆయన భార్యకు నీళ్లంటే చచ్చేంత భయం. అయినా మొగుణ్ణి ఒక్కసారి నీళ్ల మీద చూడాలని ఆశ. నిరుడు వీధోళ్లమంతా కలిసి గండికోటకు పోయినప్పుడు ఆమెను పడవ ఎక్కించడానికి మేమంతా బతిమాలాం.

“నేనుండంగ భయమేందే? సముద్రాన్నే చూసినోణ్ణి!” అన్నాడు అన్న.

ఆమె కళ్లు మూసుకుని ఎక్కి, కమ్మీని గట్టిగా పట్టుకుంది. పడవ ఇట్లా మలుపు తిరిగిందో లేదో, అన్న అంచు మీదికి వంగి భళ్లున వాంతి చేసుకున్నాడు.

“ఏంది మామా, నేవీ అంటివే!” అన్నాడు పడవ నడిపే మనిషి.

“యుద్ధంలోనూ ఇంతేలేప్పా. పక్కన బకెట్ పెట్టుకోని డ్యూటీ చేసినా. నువ్వు పడవను వెనక్కి తిప్పవాకు,” అని మళ్లీ వంగాడు.

మాకు నవ్వాగలేదు. అందరికంటే గట్టిగా నవ్వింది ఆమే.

“ఇంత కక్కుకుంటా యుద్ధం చేసినావా! శానా మొగోడివే,” అంటూ కమ్మీ వదిలేసి, ఆయన తల పట్టుకుంది.

ఒడ్డు రాగానే అన్నే ముందు దిగాడు. ఆమె కదల్లేదు.

“యాడన్నా ఒక బకెట్ అడిగి తెచ్చుకో పో. ఇంగో సుట్టు పోదాం,” అంది.